చదువు – కొలువు: ఆక్యుపేషనల్ థెరపీ గురించి నాలుగు ఉత్తరాలు

పక్షవాతం వచ్చిన వారికి ఇంటి దగ్గర చేయించవలసిన అభ్యాసాల గురించి కిందటి నెల ఈ శీర్షికలో రాశాను. ఆ పని నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు కావాలంటే ఏం చదవాలని అడుగుతూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయవద్దని ఇద్దరు కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం నా సబ్జెక్టులు. ఇంటర్‌లో బైపీసీ. మా తమ్ముడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని స్థితి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మా మండలంలో ఉన్న భవిత కేంద్రానికి వాడిని తీసుకువెళ్ళేది నేనే. అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తారు. తనంతట తాను అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం వంటివి నేర్పేది ఆక్యుపేషనల్ థెరపిస్టులని విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు చెప్పారు. డిగ్రీ అయ్యాక పీజీలో చేరి నేను ఆ థెరపిస్టును కావచ్చా? మాస్టర్స్ రెండేళ్ళు చేస్తే చాలని ఇంటర్నెట్‌లో ఉంది. నిజమేనా? — ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: మీరు చదివినది అబద్ధం కాదు గానీ, అది మన దేశపు సంగతి కాదు. అమెరికా, కెనడాలలో ఈ వృత్తిలోకి ప్రవేశించే చదువే మాస్టర్స్ స్థాయిలో మొదలవుతుంది. అమెరికాలో డాక్టరేటుతో ప్రవేశించే దారి కూడా ఉంది. అక్కడ ఏదో ఒక డిగ్రీ చేసి, శరీర నిర్మాణ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, గణాంక శాస్త్రం వంటి కొన్ని ముందస్తు సబ్జెక్టులు పూర్తి చేసినవారు నేరుగా మాస్టర్స్‌లో చేరవచ్చు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో బ్యాచిలర్ డిగ్రీ దారితోపాటు వేరే డిగ్రీ ఉన్నవారి కోసం రెండేళ్ళ మాస్టర్స్ దారి కూడా ఉంది. మన దేశంలో మాత్రం ఎంఓటీ, అంటే మాస్టర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, ఇప్పటికే థెరపిస్టు అయినవారు ఏదో ఒక శాఖలో లోతుగా వెళ్ళడానికి చేసే చదువు. బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీలో బ్యాచిలర్ డిగ్రీ, లేనివారికి అందులో ప్రవేశం లేదు. మీ బీఎస్సీలో ఎన్ని మార్కులు వచ్చినా, ఎంత అనుభవం ఉన్నా, ఆ తలుపు తెరుచుకోదు. ఈ మాట మెత్తగా చెప్పి మిమ్మల్ని ఆశలో ఉంచడం నాకు ఇష్టం లేదు.

కనుక ఇక్కడే ఉండి థెరపిస్టు కావాలంటే, ఇంటర్ బైపీసీ అర్హతతో బీఓటీ మొదటి సంవత్సరంలో చేరడం ఒక్కటే దారి. ఇన్నాళ్ళూ ఈ కోర్సు ఇంటర్న్‌షిప్ ఆరు నెలలతో కలిపి నాలుగున్నర ఏళ్ళుగా నడుస్తూ వచ్చింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపీని తన పరిధిలోకి తీసుకుంది. ఆ చట్టం ప్రకారం ఆరోగ్య వృత్తి నిపుణుల డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలి. పాఠ్య ప్రణాళికలు, కోర్సు కాలం, ప్రవేశ నియమాలు ఈ కమిషన్ చేతిలో కొత్తగా రూపుదిద్దుకుంటున్నాయి కాబట్టి, మీకన్నా నాలుగేళ్ళు ముందు చేరిన అక్క చెప్పిన లెక్క మీకు సరిపోతుందని అనుకోవద్దు. మరొక చిక్కు కూడా ఉంది. వికలాంగులకు సంబంధించిన చదువులన్నీ భారత పునరావాస మండలి కిందే ఉంటాయని చాలామంది భావిస్తారు. ప్రత్యేక విద్య, ప్రసంగ చికిత్స వంటివి ఆ మండలి కిందివే. ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ ఆ జాబితాలో లేవు. మండలి గుర్తింపు ఉందని ప్రకటించి ఈ కోర్సులో చేర్చుకునే సంస్థ ఏదైనా ఎదురైతే, ముందు అనుమానించండి.

ఇప్పుడు మీ వయసు ఇరవై లేదా ఇరవై ఒకటి ఉంటుందనుకుంటాను. బీఓటీ పూర్తయ్యేసరికి ఇరవై అయిదు దాటుతుంది. బీఎస్సీ వృథా అయిందని ఇంట్లో అంటారు. జంతుశాస్త్రం చదివినందుకు కోర్సులో ఒక్క సబ్జెక్టు కూడా మినహాయించరన్నది నిజమే. అయినా మొదటి సంవత్సరం శరీర నిర్మాణ శాస్త్రం క్లాసులో, భుజం దగ్గర నుంచి వేళ్ళ కొసల దాకా నరాల దారి గీసి చూపించమన్నప్పుడు, మీ పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలకన్నా మీకు సులువుగా ఉంటుంది. చేరే ముందు ఆ సంస్థ ప్రకటనలో వయోపరిమితి ఉందేమో చూసుకోండి.

అన్నేళ్ళు కుదరదనుకుంటే, డిగ్రీ మీద చేరగల దారులలో ప్రత్యేక విద్యలో బీఈడీ ఒకటి. మీ తమ్ముడి లాంటి పిల్లలతోనే పని. అయితే ఆ చదువు మిమ్మల్ని ఉపాధ్యాయురాలిని చేస్తుంది, థెరపిస్టును చేయదు. రెండూ గౌరవప్రదమైనవే కానీ రెండూ ఒకటి కావు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో బుద్ధి వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలో ఒక రోజు గడిపి వస్తే ఆ తేడా మీకే కళ్ళకు కడుతుంది.

విదేశీ మాస్టర్స్ ఆలోచన ఉంటే ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. బ్రిటన్ విశ్వవిద్యాలయాలలో ఆక్యుపేషనల్ థెరపీ పేరుతోనే రెండు రకాల ఎంఎస్సీలు ఉంటాయి. ఒకటి రిజిస్ట్రేషన్‌కు ముందు చేసేది, రెండోది రిజిస్ట్రేషన్ ఉన్నవారు పై చదువుగా చేసేది. ఆ దేశంలో ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదైనవారే తమను ఆక్యుపేషనల్ థెరపిస్టు అని చెప్పుకోవాలన్నది చట్టం. ఆ నమోదుకు మొదటి రకమే పనికి వస్తుంది. రెండో రకంలో తక్కువ కాలంలో సీటు ఇప్పిస్తామని చెప్పే ఏజెంట్ల మాట విని లక్షలు కట్టినవారికి చివరికి చేతిలో మిగిలేది పట్టా కాగితం మాత్రమే. ఏ దేశంలోనైనా సరే, ఆ కోర్సుకు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఆమోదం ఉందా, కనీసం 1,000 గంటలు రోగుల మధ్య శిక్షణ ఉందా అని అడగండి. తిరిగి వచ్చి ఇక్కడ పని చేయాలని మీకుంటే, ఇక్కడి నమోదు సంగతి కూడా వెళ్ళకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇవన్నీ తేల్చుకునే లోపు మీ ఇంట్లోనే ఈ వృత్తి రుచి చూడవచ్చు. రేపు భోజనానికి కూర్చున్నప్పుడు మీ చేతిని మీరే గమనించండి. పప్పన్నం కలిపేటప్పుడు వేళ్ళు విడివడి దగ్గరకు వస్తాయి. ముద్ద చేసేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళకు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ముద్ద ఎత్తేటప్పుడు మోచేయి ముడుచుకుంటుంది, ముంజేయి తిరిగి అరచేయి నోటివైపు వస్తుంది. చివరగా బొటనవేలు ముద్దను లోపలికి తోస్తుంది. ఇంత జరుగుతున్నప్పుడు నడుము కదలకుండా నిలబడి ఉండాలి. ఇప్పుడు మీ తమ్ముణ్ణి చూడండి. వాడికి ఈ వరుసలో ఎక్కడ తెగిపోతోంది? చాలామంది పిల్లలలో లోపం చేతిలో ఉండదు, కూర్చోవడంలో ఉంటుంది. నడుము నిలవని పిల్లవాడు పడిపోకుండా ఉండడానికే చేతులను వాడుకుంటాడు, తినడానికి అతనికి చెయ్యే మిగలదు. గోడ మూలలో రెండువైపులా ఆనుకునేలా కూర్చోబెట్టి, కంచం జారకుండా కింద తడిబట్ట పరిచి, అంచు ఎత్తుగా ఉన్న కంచం పెట్టి చూడండి. చొక్కా విషయంలో చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పండి. అంతా మీరే తొడిగి, చివరి బొత్తాం ఒక్కటి వాడి చేత పెట్టించండి. అది వచ్చాక చివరి రెండు. ప్రతిసారీ పని పూర్తయింది తన చేత్తోనే అన్న తృప్తి వాడిదవుతుంది. ఇదంతా చేస్తున్నప్పుడు మీకు విసుగు రాకపోతే, ఇంకా ఏం మార్చి చూడవచ్చునన్న ఆలోచన రాత్రి పడుకున్నాక కూడా వదలకపోతే, ఆ నాలుగైదేళ్ళ చదువు గురించి ఇంట్లో మాట్లాడండి.

ప్రశ్న: నేను విజయనగరంలో దర్జీ పని చేసుకుంటున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఆక్యుపేషనల్ థెరపీ చదువుతానంటోంది. మా బావమరిది అది బుట్టలు అల్లించే చదువని, దానికన్నా ఫిజియోథెరపీ మేలని అంటున్నాడు. రెండింటికీ తేడా ఏమిటి? ఎక్కడ చదివించాలి? చదివాక ఇక్కడ ఉద్యోగం ఉంటుందా? — ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ బావమరిది గారి మాటలో చరిత్ర కొంత ఉంది. 1917లో అమెరికాలో ఈ వృత్తికి మొదటి సంఘం ఏర్పడినప్పుడు నేత, బుట్టల అల్లిక, చెక్కపని చికిత్సలో ముఖ్యమైన సాధనాలుగా ఉండేవి. ఆసుపత్రి మంచం మీద నెలల తరబడి పడి ఉన్నవారి మనసు, చెయ్యి రెండూ పాడవకుండా వాటిని చేయించేవారు. మన దేశంలో 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ మొదటి పాఠశాల ప్రారంభించారు. ఆమె అమెరికాలో పుట్టి, ఇక్కడి కోడలై వచ్చిన వ్యక్తి. రెండేళ్ళకే, 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు, దాని స్థాపక సభ్య దేశాలలో భారతదేశం కూడా నిలిచింది. బుట్టలు అప్పటివి. దృష్టి మాత్రం ఇప్పటికీ అదే: మనిషి చేయవలసిన పనే మందు. ఈ చదువును తెలుగులో 'వృత్తి చికిత్స' అని కొందరు రాస్తున్నారు, అది నాకు రుచించదు. ఆ మాట వింటే ఉద్యోగానికి సంబంధించినదేదో అనిపిస్తుంది. పళ్ళు తోముకోవడం, చీర కట్టుకోవడం, బడికి వెళ్ళడం, ఆడుకోవడం, వంట చేయడం, అన్నీ ఇందులోకే వస్తాయి.

తేడా మీ పనితోనే చెబుతాను. మీ కుడి మణికట్టు విరిగి, కట్టు విప్పారనుకోండి. మణికట్టు ఎంత వంగుతోంది, కండలో ఎంత బలం ఉంది, నొప్పి ఎక్కడ అన్నది ఫిజియోథెరపిస్టు ప్రధానంగా చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు అదంతా చూస్తూనే మీ కత్తెర చూపించమంటారు. దర్జీ కత్తెర బరువు, బొటనవేలు దూర్చే వలయం, మందపాటి గుడ్డను ఒక్క ఊపులో కత్తిరించడానికి కావలసిన పట్టు, సూదిలో దారం ఎక్కించే చిటికె పట్టు, గుడ్డను మిషను కిందికి తోస్తున్న ఎడమచేతి ఒత్తిడి, తొక్కుడు మీద పాదం లయ, గంటల తరబడి వంగిన మెడ, ఇవన్నీ విడివిడిగా రాసుకుంటారు. ఆ పనిలోని ఏ ముక్క మీకు ఇప్పుడు రాదో కనిపెట్టి, దానికి దగ్గరి పనులతో మొదలుపెట్టి, మధ్యలో కత్తెర పిడికి మెత్తని తొడుగు వేయించో, మిషను బల్ల ఎత్తు మార్పించో, మిమ్మల్ని మళ్ళీ మిషను ముందు కూర్చోబెడతారు. చాలా ఆసుపత్రులలో ఇద్దరూ ఒకే గదిలో పని చేస్తారు, ఒకరి పని మరొకరి పనిలోకి కొంత పొర్లుతుంది కూడా. ఏది మేలని అడిగితే, రెండూ కావలసినవే. ఫిజియోథెరపీ కళాశాలలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. ఆక్యుపేషనల్ థెరపిస్టులు తక్కువమంది.

కోర్సులో మొదట శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, మనస్తత్వ శాస్త్రం ఉంటాయి. తరువాత కదలికల శాస్త్రం, ఎముకల, నరాల, పిల్లల, మానసిక వ్యాధుల విభాగాలలో చికిత్స, కృత్రిమ అవయవాలకు అలవాటు పరచడం, సమాజంలోకి వెళ్ళి పని చేయడం. మానసిక వ్యాధుల వార్డులో పని ఉంటుందన్న సంగతి తల్లిదండ్రులకు ముందు తెలియదు, తెలిశాక కొందరు కంగారు పడతారు. మీరు పడకండి. ఒక మనిషి ఉదయం లేచి స్నానం చేసి, డబ్బు లెక్కపెట్టి బజారు చేసి రాగలగడం కూడా నేర్పవలసిన విద్యేనని ఆ వార్డులోనే తెలుస్తుంది.

చేతిపని ఇందులో చాలా ఉంటుంది. దర్జీ కూతురు కనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. విరిగిన లేదా బలహీనపడిన చేతిని సరైన భంగిమలో నిలిపే స్ప్లింటును థెరపిస్టే తయారు చేయాలి. వేడినీటిలో మెత్తబడే ప్లాస్టిక్ రేకును కాగితం మీద గీసిన కొలతకు కత్తిరించి, చేతి మీద పరిచి, చల్లారేలోగా ఆకృతి తీయాలి. నేను చదువుకునే రోజుల్లో, భుజం ఎముక విరిగి నరం దెబ్బతిని మణికట్టు వాలిపోయిన ఒకాయనకు అలాంటి స్ప్లింటు చేశాను. చూడడానికి బాగుందని మురిసిపోయాను. మర్నాడు ఆయన వచ్చి చెయ్యి చాపితే, చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక మీద ఎర్రగా కమిలి ఉంది. అక్కడ అంచును బయటికి వంచాలని నాకు తోచలేదు. పైగా రేకును అరచేతి పై గీత దాటించి కత్తిరించాను, దానితో వేళ్ళు ముడుచుకోవడం లేదు. మా గురువుగారు కోప్పడలేదు. 'ఆయన ఏం పని చేస్తారు?' అని మాత్రం అడిగారు. నేను కనుక్కోలేదు. ఆయన వల అల్లే మనిషి, వేళ్ళు ముడవకపోతే ఆయనకు ఆ స్ప్లింటు ఎందుకు? కత్తిరించే ముందు మనిషి కొలత తీయాలన్నది మీ ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక ఎక్కడ చదివించాలన్నది. నాకు తెలిసినంతలో మన రెండు జిల్లాలలో ఈ కోర్సు లేదు, బయటకు పంపక తప్పదు. నేనైతే మొదట ఉత్తరం వైపు చూడమంటాను. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ, సొంత ఆసుపత్రితో నడుస్తుంది, బీఓటీ, ఎంఓటీ రెండూ ఉన్నాయి. విజయనగరంలో రైలెక్కితే అదే ప్రధాన మార్గంలో కటక్‌లో దిగవచ్చు. చెన్నైకన్నా దగ్గర. ఒడియా రాదని జంకవద్దు. ఇచ్ఛాపురం, మందస వైపు పిల్లలకు అది పెరట్లో భాష, మీ అమ్మాయికి రోగులతో మాట్లాడుతూ ఆరు నెలల్లో పట్టుబడుతుంది. ఈ సంస్థతోపాటు కోల్‌కతాలోని లోకోమోటర్ డిజెబిలిటీస్ (కదలికల వైకల్యాల) జాతీయ సంస్థ, ఢిల్లీలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థలకు ఏళ్ళుగా ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతూ వచ్చింది. దక్షిణాన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి, మణిపాల్‌కు మంచి పేరుంది. ప్రైవేటులో ఫీజు, హాస్టలు కలిపి చూసుకుంటే ప్రభుత్వ సంస్థకూ దానికీ పొంతన ఉండదు. అమ్మాయి ఎలాగూ నీట్ రాస్తోంది కనుక ఆ స్కోరు భద్రంగా ఉంచండి. ప్రవేశ నియమాలు మారుతున్న కాలమిది, ఆ సంవత్సరపు ప్రకటన చదివే దరఖాస్తు పెట్టండి. ఒక హెచ్చరిక: సొంత ఆసుపత్రి గానీ, రోగుల రద్దీ ఉన్న ఆసుపత్రితో ఒప్పందం గానీ లేని కళాశాలలో, భవనం ఎంత బాగున్నా, చేర్చవద్దు.

ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మన జిల్లాలలో ప్రభుత్వ కొలువులు ఈ వృత్తికి తక్కువ. ఎక్కువ అవకాశాలు విశాఖపట్నం, హైదరాబాదులలోని పిల్లల చికిత్సా కేంద్రాలలో, పెద్ద ఆసుపత్రులలో, ప్రత్యేక పాఠశాలలలో ఉన్నాయి. మొదటి ఏడాది రెండేళ్ళు జీతం చూసి నిరుత్సాహపడే పిల్లలను చూశాను. అనుభవం వచ్చాక సొంతంగా పెట్టుకున్నవారూ, విదేశాలకు వెళ్ళినవారూ ఉన్నారు. అమ్మాయి చదువు కాగానే విజయనగరంలోనే కొలువు దొరకాలన్నది మీ షరతు అయితే, ఇప్పుడే ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: మాది రాజాం. బీఓటీ చేసి విశాఖపట్నంలో పిల్లల కేంద్రంలో ఎనిమిది నెలలుగా పని చేస్తున్నాను. వెంటనే ఎంఓటీలో చేరాలా, ఆగాలా? తోటివారంతా పిల్లల విభాగమే తీసుకుంటున్నారు. — ఒక యువకుడు

జవాబు: ఆగమంటాను, కనీసం రెండేళ్ళు. ఎనిమిది నెలలుగా మీరు చూసింది ఒక వయసు రోగులను, ఒక రకం గదిని. ఆ అనుభవంతో శాఖను ఎంచుకుంటే మీరు ఎంచుకున్నట్టు కాదు, ఆ కేంద్రం మీకు ఎంచి పెట్టినట్టు. వీలైతే పెద్దలు, చేతి గాయాలు వచ్చే ఆసుపత్రిలో ఒక ఏడాది చేయండి. పిల్లల విభాగం మీద నాకు చిన్నచూపు లేదు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మీ కోసం ఎంత దూరం నుంచి బస్సెక్కి వస్తున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ మన ప్రాంతానికి కావలసింది అదొక్కటే కాదు. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న మనిషి, పలాసలో జీడిపిక్కలు కొడుతూ తొక్కనూనెతో వేళ్ళు కాలిన స్త్రీ, పక్షవాతం వచ్చి గుమ్మం పక్కన మంచానికే పరిమితమైన పెద్దాయన, వీరికి చికిత్స చేసేవారు ఎవరు?

కుష్ఠు చేతుల సంగతి మన వైపు వారికి ప్రత్యేకంగా గుర్తు చేయాలి. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. 1940ల చివరిలో వేలూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, వంకరపోయిన కుష్ఠు రోగుల వేళ్ళను కండర బంధాలు మార్చి సరిచేసే శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. ఒక పనికి పుట్టిన కండరం మరొక పని చేయడం నేర్చుకుంటేనే ఆ శస్త్రచికిత్స ఫలిస్తుంది. అది నేర్పేది థెరపిస్టు. స్పర్శ లేని చేతికి గిన్నె వేడి తెలియదు కనుక, పిడికి గుడ్డ చుట్టించడం, పొయ్యి దగ్గర పని అయ్యాక రోజూ చేతులు చూసుకునే అలవాటు చేయించడం కూడా ఆ చికిత్సలోవే. చేతి పునరావాసం శాఖగా ఉన్న ఎంఓటీ మీకు దొరికితే దాని గురించి ఆలోచించండి.

ఎంఓటీలో పరిశోధనా వ్యాసం రాయాలి. అక్కడ చాలామంది విదేశీ ప్రశ్నావళి ఒకటి తీసుకుని, ముప్పై మందిని అడిగి, పట్టిక వేసి ముగిస్తారు. రోగి రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలవడానికి మీరు వార్డులో వాడే బార్తెల్ సూచికనే తీసుకోండి. 1965లో ప్రచురించినది, పది అంశాలు, వందకు మార్కులు. అందులో తినడం అనే అంశంలో సగం మార్కులు వచ్చే రోగి ఎవరంటే, ముక్కలు కోయడానికో, రొట్టెకు వెన్న రాయడానికో సాయం కావలసినవాడు. మన రోగికి వెన్న రాయడంతో పనేమిటి? అతనికి అన్నం కలపడం రావాలి. మజ్జిగన్నం చేత్తో జారకుండా ఎత్తాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవాలి, ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కాలి. చెంబు పట్టుకోవాలి. ఆడవారైతే చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పెట్టుకోవాలి. ముగ్గు వేసే చిటికెలో బొటనవేలు, చూపుడువేలు పిండిని ఎంత పొదుపుగా వదులుతాయో కొలిచి చూస్తే, చిటికె పట్టు పరీక్షించడానికి మన వాకిట్లోనే ఒక సాధనం దొరకవచ్చు. ఇలాంటిదేదైనా వ్యాసానికి తీసుకుంటే మార్గదర్శకులు మొదట పెదవి విరుస్తారేమో. అయినా పట్టు వదలకండి.

అమెరికా వెళ్ళే ఉద్దేశం కూడా ఉందని ఉత్తరం చివర రాశారు. అక్కడ జాతీయ ధ్రువీకరణ మండలి ముందు మీ చదువు సరిసమానమైనదని తేల్చి, ఆ తరువాతే పరీక్షకు అనుమతిస్తుంది. ఆపైన పని చేయబోయే రాష్ట్రపు లైసెన్సు వేరు. బీఓటీ సిలబస్, మీ క్లినికల్ గంటల లెక్క కళాశాల ముద్రతో ఇప్పుడే తీసి ఉంచుకోండి. పదేళ్ళ తరువాత వెళ్ళి అడిగితే ఆ రిజిస్టరు వెతికి ఇచ్చేవారు దొరకరు.

ప్రశ్న: పలాసలో ఒక సంస్థ ఆరు నెలల ఓటీ కోర్సు చెబుతామంటోంది. పదో తరగతి చాలట. ఇది మీరు రాసే ఓటీయేనా? — ఒక పాఠకుడు, పలాస

జవాబు: కాదు. వారు చెబుతున్న ఓటీ ఆపరేషన్ థియేటర్ అయి ఉంటుంది. అది శస్త్రచికిత్స గదిలో పరికరాలు సిద్ధం చేసే సహాయకుల పని, ఆక్యుపేషనల్ థెరపీతో దానికి సంబంధం లేదు. ఆ పని కోసమైనా సరే, డబ్బు కట్టే ముందు పట్టా ఇచ్చేది ఏ బోర్డు లేదా విశ్వవిద్యాలయమో, శిక్షణ ఏ ఆసుపత్రిలోనో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఒకవేళ వారు ఆరు నెలల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టునే చేస్తామంటే, పైన ఆమదాలవలస పాఠకురాలికి రాసిన జవాబు ఒకసారి చదివి, ఆ మెట్లు దిగి వచ్చేయండి.